తోడు రావద్దని చెప్పిన రోజు

‘ఇల్లు కదలని కోడలు’ అని చుట్టాలు మెచ్చుకుంటుంటే నాకు ఏడుపు వచ్చేది. కదలకపోవడం నా గుణం కాదు, జబ్బు. ఆడవాళ్లు గడప దాటకపోతే మన ఇళ్లలో ఎవరికీ అనుమానం రాదు. నా జబ్బు అలాగే చాలాకాలం దాగి ఉంది.

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో, ఆఫీసులు వదిలే వేళ, రైలు మారుతుండగా మొదలైంది. గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. గుండెపోటే అనుకున్నాను. ఈసీజీలో ఏ లోపమూ లేదు. అయినా మెట్రో మానేశాను, తర్వాత సిటీ బస్సు, ఆపైన సూపర్ మార్కెట్. చివరికి మా ఆయన పక్కన లేనిదే వీధి మలుపులోని మందుల షాపుకూ వెళ్లలేకపోయాను.

మానసిక వైద్యుల దగ్గరికి అనగానే అత్తయ్య ‘ఎర్రగడ్డకా?’ అని కంగారుపడ్డారు. హైదరాబాద్‌లో అక్కడి మానసిక వైద్యశాల పేరు చుట్టూ ఎంత భయం! డాక్టరు గారు దీన్ని అగోరాఫోబియా అన్నారు. 1871లోనే జర్మన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ దీన్ని వర్ణించారట. ఒళ్లు అదుపు తప్పితే అక్కడి నుంచి బయటపడలేమేమో, ఎవరూ ఆదుకోరేమో అన్న భయమే దీనికి మూలం.

ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. వాటితో పాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. భయపెట్టే చోట్లను తేలికైనవాటితో మొదలుపెట్టి వరుసగా రాసుకుని, ఒక్కోచోటికీ వెళ్లి, దడ పుట్టినా కదలకుండా ఉండాలి. దడ పెరిగి పెరిగి తనంతట తానే తగ్గుతుంది. మధ్యలో వచ్చేస్తే, వచ్చేయడం వల్లే బతికామని మనసు నమ్ముతుంది.

అన్నిటికంటే కష్టమైనది మా ఆయనను రావద్దనడం. ఆయన పక్కనుంటే భయం తగ్గేది, కానీ ఆయన వల్లే తగ్గిందనుకునేదాన్ని. డాక్టరు గారు ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. ప్రేమతో చేసినదే జబ్బును నిలబెడుతోందంటే ఎవరికి బాధ ఉండదు? మొదట స్టేషన్ గేటు దగ్గర ఆగారు, తర్వాత ఇంట్లోనే ఉన్నారు. నేను వణుకుతూనే రైలెక్కాను. అసలు వైద్యం ఆయన ఆగిపోయిన చోటే మొదలైందని నా నమ్మకం.

ఇప్పుడు అమీర్‌పేటలో ఒక్కదాన్నే రైలు మారుతున్నాను. రద్దీలో దడ ఇంకా వస్తుంది, కానీ దిగిపోను. మాత్రలు నా అంతట నేను ఆపలేదు. మీ ఇంట్లోనూ గడప దాటని మనిషి ఉంటే, ఎందుకని ఒక్కసారి అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.