అమ్మి కొనేటప్పుడు ‘తేడా’ 50 లక్షలతో ఆగదు

కూకట్‌పల్లిలో 2012లో 40 లక్షలకు కొన్న డబుల్ బెడ్‌రూం ఇప్పుడు 80కి పోతుందనుకుందాం. తెల్లాపూర్ వైపు చూసొచ్చిన త్రిబుల్ బెడ్‌రూం 1.30 కోట్లు. ‘తేడా 50 లక్షలేగా’ అని ఒకరు, ‘అమ్మో, 50 లక్షల అప్పా’ అని ఇంకొకరు. రాత్రి భోజనాల దగ్గర వారం రోజులు ఇదే వాదన. ఇద్దరూ పట్టుకున్న అంకే తప్పు.

80లో బ్రోకర్‌కు 1 శాతం పోతే చేతికి 79.20. పాత లోన్ 12 లక్షలు మిగిలుంటే అది తీర్చాక 67.20. కొత్తదానికి తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 9.75 లక్షలు. అక్కడి బ్రోకర్‌కు 1.30 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్, ఫాల్స్ సీలింగ్‌కు ఎంత పొదుపుగా చేసినా 8 లక్షలు వేసుకోండి. ఇంటి ధరతో కలిపి మొత్తం 149 లక్షలు దాటింది. చేతిలోని 67.20 పోను కావాల్సిన లోన్ దాదాపు 82 లక్షలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే లక్షకు 868 చొప్పున ఈఎంఐ 71 వేలు. వాదన ఏదైనా ఈ అంకె మీద జరగాలి. కొత్తది ఇంకా కట్టుబడిలో ఉంటే 5 శాతం జీఎస్టీ అదనం. ఓసీ (కట్టడం పూర్తయి నివసించవచ్చనే ధ్రువపత్రం) వచ్చాక కొంటే అది లేదు.

ముందు అమ్మాలా, ముందు కొనాలా? నా మాట: మన ఇల్లు కొనేవాడితో అగ్రిమెంట్ అయి, 10 శాతం అడ్వాన్స్ అకౌంట్‌లో పడ్డాకే కొత్తదానికి టోకెన్ ఇవ్వండి. 90 రోజుల గడువు రాయించుకుంటే రెండు రిజిస్ట్రేషన్లూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు, మధ్యలో అద్దె ఇంటికి రెండుసార్లు సామాను మోసే బాధ తప్పుతుంది. కొనే అగ్రిమెంట్‌లో ‘బ్యాంకు లీగల్‌లో (కాగితాల పరిశీలనలో) తిరస్కరిస్తే అడ్వాన్స్ వాపసు’ అన్న వాక్యం ఉండాలి. నోటిమాటగా చెప్పించుకుని ఊరుకుంటే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

అసలు ఆలస్యమంతా పాత ఫ్లాట్ కాగితాల దగ్గరే. ఒరిజినల్స్ మన బ్యాంకులో ఉంటాయి, కొనేవాడి బ్యాంకేమో అవి చూడందే డబ్బు వదలదు. మన బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం), అక్కడున్న డాక్యుమెంట్ల జాబితా తెచ్చిస్తే, వాళ్లు ముందు బాకీ మేరకు మన బ్యాంకు పేరనే చెక్ ఇస్తారు. ఇది వారాలు తినేస్తుంది. అందుకే 10 శాతం లెక్కన వచ్చిన 8 లక్షల అడ్వాన్సుకు చేతిలోని 4 కలిపి లోన్ ముందే మూసేయడం మేలు. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు ముందస్తు పెనాల్టీ లేదు. తీర్చిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

లీగల్‌లో ఆగిపోయేవి చిన్నవే: డీడ్‌లో కార్ పార్కింగ్ రాయకపోవడం, లింక్ డాక్యుమెంట్ (అంతకు ముందరి యజమానుల డీడ్) ఒకటి తప్పిపోవడం, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, డీడ్‌లో వెనక. పెద్దది ఒకటుంది. ప్లాన్‌లో నాలుగు అంతస్తులే ఉండి మీ ఫ్లాట్ అయిదోదైతే బ్యాంకు లోన్ రావడం కష్టం. అప్పుడు రొక్కం పెట్టగలవాడే కొనాలి, ధర కూడా వాడే చెప్తాడు. అలాంటివాడు ‘సగం క్యాష్’ అంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు.

పన్ను భయం మాత్రం ఉన్నదానికన్నా ఎక్కువ. 2025-26లో అమ్మితే, కొన్న ధర 40 లక్షలను ఆదాయపన్ను వారి ద్రవ్యోల్బణ సూచీతో పెంచితే (376/200) 75.2 అవుతుంది. బ్రోకరేజీ తీసేస్తే లాభం 4 లక్షలే, 20 శాతం చొప్పున పన్ను 80 వేలు, ఆపై సెస్. సూచీ లేని 12.5 శాతం దారిలో పన్ను 4.9 లక్షలు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి, ఇక్కడ నివసించేవాళ్లకు రెండింట్లో తక్కువదే వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఫ్లాట్ ఉంటే ఈ వెసులుబాటు లేదు. 80 వేలు మిగుల్చుకోవడానికి నచ్చని ఇల్లు హడావుడిగా కొనేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆ మాత్రం కూడా మినహాయింపు కావాలంటే అమ్మకానికి ముందు ఏడాదిలోనో, తర్వాత రెండేళ్లలోనో ఇల్లు కొనాలి. రిటర్న్ గడువు నాటికి కొనకపోతే లాభం మొత్తాన్ని క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లోనే (ఇందుకోసమే బ్యాంకులో తెరిచే ప్రత్యేక ఖాతా) వేయాలి, మామూలు ఎఫ్‌డీ చెల్లదు.

పేర్ల సంగతీ ముందే తేల్చుకోండి. పాతది ఆమె పేరున ఉండి కొత్తది ఆయన ఒక్కడి పేరున రాయిస్తే మినహాయింపు మీద పేచీ వస్తుంది. ఆమె పేరు కొత్త డీడ్‌లో ఉండాలి. ఇద్దరు కలిసి ఇద్దరి దగ్గర కొంటే 1 శాతం టీడీఎస్‌కు (కొనేవాడు ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) నాలుగు ఫారాలు నింపాలి, కొనేవారు-అమ్మేవారు ఒక్కో జతకు ఒకటి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఆ మేరకు కోసి, ఆ నెలాఖరు నుంచి 30 రోజుల్లో కట్టాలి. చాలామంది రిజిస్ట్రేషన్ రోజున గుర్తు తెచ్చుకుని వడ్డీతో కడుతుంటారు.