ప్రేమ ఒక్కటే కొలత అయితే, కానుకల డబ్బు ఎవరిది?

గుత్తి దగ్గర ఒక పల్లె క్రైస్తవ సంఘం అనుకుందాం. శనక్కాయ పంట పోయిన ఏడు. మందిరం పైకప్పు కోసం కూడబెట్టిన అరవై వేలు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. రాత్రి పదింటికి సంఘస్థురాలు ఒకామెను అనంతపురం తీసుకుపోవాల్సి వచ్చింది. ఆస్పత్రిలో ముందు ఇరవై వేలు కట్టమన్నారు. కమిటీని కూర్చోబెట్టే సమయం లేదు. ఆ డబ్బు ముట్టొచ్చా?

ముట్టొచ్చనే అంటుంది 1966లో అమెరికా క్రైస్తవ నీతి పండితుడు జోసెఫ్ ఫ్లెచర్ రాసిన 'సిచువేషన్ ఎథిక్స్' పుస్తకం. అందులో అగాపే అనే ప్రేమ ఒక్కటే ఎప్పుడూ తప్పనిది, మిగతా ఆజ్ఞలు దారి చూపేవి మాత్రమే, ప్రేమకు అడ్డొస్తే పక్కన పెట్టొచ్చు. అగాపే అంటే మనసులో పుట్టే ఇష్టం కాదు, నచ్చనివాడికి కూడా మేలు చేయాలనే సంకల్పం. ఇందులో వాక్యబలం ఉంది. ప్రేమ కలిగి ఉండడమే ధర్మశాస్త్రం నెరవేర్చడమని బైబిల్లో రోమా 13:10 చెబుతుంది.

ఆ రాత్రి డబ్బు తీయడం తప్పని నేను అనను. చిక్కంతా లెక్కలో ఉంది. న్యాయమంటే పంచిన ప్రేమే అని ఫ్లెచరే అన్నాడు. మరి పంచేటప్పుడు ఎవరెవరిని లెక్కపెట్టారు? నొప్పితో మూలుగుతున్న ఆమె కళ్లెదుటే ఉంది. కూలి డబ్బుల్లోంచి వారం వారం పది రూపాయలు పైకప్పుకని వేసిన ముసలామె ఆ గదిలో లేదు. వచ్చే నెల జబ్బు పడేవాడూ లేడు. పైగా రోగి కోశాధికారి మరదలు అయితే, ప్రేమ ఇంకా గట్టిగా "తియ్యి" అంటుంది. అది ప్రేమో పక్షపాతమో లోపలినుంచి తేల్చుకోవడం చాలా కష్టం. నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికన్నా బలహీనంగా కనబడేది ఇదే: నిర్ణయించేవాడూ, దాన్ని తూచేవాడూ ఒక్కడే.

ఫ్లెచర్ ఉదాహరణలు చాలావరకు అరుదైనవని స్కాట్లాండ్ బైబిల్ వ్యాఖ్యాత విలియం బార్క్లే అభ్యంతరం చెప్పాడు. నిజమే. ఫ్లెచర్ చెప్పిన, చెరలోంచి ఇల్లు చేరడానికి కాపలావాడి వల్ల గర్భం తెచ్చుకున్న తల్లి కథతో రోజువారీ నియమాలు కట్టలేం.

అందుకే పెట్టె తెరిచే ముందు ఇద్దరు పెద్దలకు ఫోన్ చేయాలి, వాళ్లలో రోగి బంధువు ఉండకూడదు. ఆదివారం సంఘం ముందు ఇదే మాట చెప్పగలనా అని కోశాధికారి తనను తాను అడగాలి. నోరు రాకపోతే ఆగి, చేబదులుకు వేరే దారి వెతకాలి. ఇంకా మేలైనది, కానుకల్లో పదో వంతు ఆపదల కోసం ముందే విడిగా తీసిపెట్టి, ఒక్కరికి ఎంతవరకు ఇవ్వొచ్చో కమిటీలో రాసుకోవడం. తేదీ, మొత్తం, ఒప్పుకున్నవాళ్ల సంతకాలు, ఎప్పటికి తిరిగి జమ చేస్తారు అన్నది తెల్లారేలోగా పుస్తకంలో పడాలి. లెక్క ఆరాధనలో చదవాలి. రోగి పేరు మాత్రం చదవకూడదు.