రెండు నీళ్ల ఊళ్లో ఒక గాజుతొట్టి

హైదరాబాదు మల్కాజిగిరిలో మేముండే ఫ్లాటుకు రెండు రకాల నీళ్లు వస్తాయి. వంటింటి కుళాయిలో నగర సరఫరా నుంచి వచ్చే నల్లా నీళ్లు, తక్కిన వాటన్నింటిలో బోరు నీళ్లు. పదిహేనేళ్లుగా ఈ ఏర్పాటుతోనే కాపురం చేస్తున్నా, ఆ రెండింటి మధ్య తేడా పప్పు ఉడకడానికి పట్టే సమయానికి సంబంధించినదని మాత్రమే అనుకునేవాణ్ణి. నాలుగేళ్ల క్రితం ఇంట్లోకి అక్వేరియం వచ్చాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు.

తొట్టి కొన్న సాయంత్రమే చేపలను కూడా కొన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ఆ తొట్టిలో అంచుదాకా పోస్తే 56 లీటర్ల నీళ్లు పడతాయి. రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క, గాలి పంపు, స్పాంజి ఫిల్టర్, ఆరు గోల్డ్‌ఫిష్‌లు అన్నీ కలిపి ఒకే బిల్లు. "నీళ్లు పోసి వదిలెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు దుకాణదారు. మూడో రోజుకు నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి. నాలుగో రోజు రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మళ్లీ దుకాణానికి పరుగెత్తితే నీలిరంగు మందు సీసా ఒకటి చేతిలో పెట్టి, ఈ కాలంలో చేపలకు రోగాలు మామూలేనన్నాడు. ఎనిమిదో రోజుకు తొట్టిలో రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క మిగిలాయి. మా అమ్మాయి వారం రోజులు ఆ గదిలోకి రాలేదు.

వాటికి ఏ రోగమూ లేదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. చెరువులోనైతే దానిని తిని బతికే సూక్ష్మజీవులుంటాయి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ రెండూ ఉండవు. ఫిల్టర్ స్పాంజిలోనూ రాళ్ల మీదా అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే నేను ఆ ఆరు చేపలను మరుగుదొడ్డి లేని గదిలో పెట్టి తలుపు వేశానన్నమాట. దానికి తోడు, శుభ్రత పేరుతో ఆ స్పాంజిని రోజూ నల్లా కింద పిండి కడిగాను. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, క్రిములను చంపడమే దాని పని. కాస్తో కూస్తో పుట్టుకొస్తున్న బ్యాక్టీరియాను అది ఎప్పటికప్పుడు తుడిచిపెట్టింది.

రెండోసారి చేపలు లేకుండానే మొదలుపెట్టాను. నల్లా నీళ్లను బకెట్లలో ఒక రోజంతా నిలవ ఉంచి, క్లోరిన్ పోయాక తొట్టిలో పోసి, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాను. ఖాళీ తొట్టికి అన్నం పెడుతున్నావా అని మా ఆవిడ అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ఉదయం కాఫీకి ముందు టెస్ట్ కిట్ తీసి, చిన్న గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగేవాణ్ణి. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. మూడు వారాల పాటు అది లేత మామిడాకు రంగుకు తక్కువ దిగలేదు. ఐదో వారంలో ఒక ఉదయం గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే నిమ్మపండు పసుపు కనిపించింది. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను, మళ్లీ పసుపే. తొట్టిలో ఒక్క చేపా లేదు గానీ, ఈ సరదాలో నేను అనుభవించిన మొదటి నిజమైన ఆనందం అదే.

ఆ తర్వాత ప్రశ్న ఏ చేపలను పెంచాలన్నది. దుకాణంలో నచ్చిన చేపను కొనుక్కోవడం మనకు అలవాటు. నా ఉద్దేశంలో మాత్రం హైదరాబాదులో చేపను ఎంచుకోవలసింది మన నీళ్లే. ఈ నగరం గ్రానైట్ రాతి మీద కూర్చుంది. ఆ రాతి పగుళ్లలో నిలిచిన భూగర్భజలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి, బకెట్ల అంచుల మీద తెల్లటి పొర కట్టేవి అవే. నల్లా నీళ్ల కథ వేరు. ఇప్పటికీ మనం వాటిని మంజీరా నీళ్లనే అంటాం గానీ, వాటిలో 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు కూడా కలిశాయి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండా ఉండడం మేలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మా ఇంట్లో ఆ లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే నల్లా నీళ్లు 280 చూపాయి, బోరు నీళ్లు 940 చూపాయి. లవణాలు తక్కువగా ఉండే అమెజాన్ నీళ్ల నుంచి వచ్చిన నియాన్ టెట్రాలను, డిస్కస్‌లను మా బోరు నీళ్లలో వేయడం వాటికి శిక్ష వేయడమే. గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిల్‌లు మాత్రం కఠిన జలంలోనే హాయిగా ఉంటాయి. నేను నల్లా, బోరు నీళ్లను సగం సగం కలిపి గప్పీలకు స్థిరపడ్డాను. బోరు నీళ్లతో ఇంకో చిక్కు కూడా ఉంది: నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలవుతుంది. మొదటిసారి నేను పోసింది పూర్తిగా బోరు నీళ్లేనని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. సుమారు నాలుగు వారాలు మోస్తుంది. రోజులు దగ్గరపడ్డాక తల్లి పొట్ట వెనుక భాగంలోని నల్లటి మచ్చలో పిల్లల కళ్లు చుక్కల్లా కనిపిస్తాయి. ఒక ఆదివారం తెల్లవారుజామున చూశాను. తల్లి నాచు పక్కన కదలకుండా నిలబడింది; గుండ్రంగా చుట్టుకున్న ఆవగింజంత పిల్ల ఒకటి జారి అడుగుకు పడింది, ఒక్క క్షణం రాయి మీద అలాగే ఉండి, విప్పుకుని, ఎవరూ నేర్పకుండానే నేరుగా నాచులోకి దూరింది. ఆ తొందరకు కారణం తల్లే. వెనక్కి తిరిగిందంటే తన పిల్లనైనా తినేస్తుంది. ఆ ఉదయం లెక్కపెట్టగలిగినంత వరకు ఇరవై మూడు. మృగశిర కార్తె నాడు తప్పకుండా చేపల పులుసు వండుకునే ఇంట్లో, పిల్ల చేపల కోసం ఉడికించిన గుడ్డు పచ్చసొనను బట్టలో వడకట్టడం ఏమిటని మా అత్తగారు నవ్వారు. తర్వాత ఆవిడే కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నారు.

ఇంగ్లండులోని ప్లిమత్‌లో పెద్ద అక్వేరియం ముందు కూర్చున్న వారి గుండె వేగం, రక్తపోటు తగ్గాయని 2015లో ఒక పరిశోధన వెలువడింది. నేను కాదనను, కాకపోతే వాళ్లు సొంత తొట్టి ముందు కూర్చోలేదు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి, నీళ్లు 33 డిగ్రీలకు చేరి, చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఎవరి రక్తపోటూ తగ్గదు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు నిలవడం తగ్గుతుంది. కరెంటు ఉన్నప్పుడు మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ అంతే వేగంగా నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. అందుకే తరిగిన మేర బోరు నీళ్లు పోయకూడదు, నిలవ ఉంచిన నల్లా నీళ్లే పోయాలి. ఇంత సంగతి తెలియడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

వాస్తు కోసం ఈశాన్యంలో తొట్టి పెట్టి, చేప చచ్చినప్పుడల్లా ఇంటి దోషం పట్టుకుపోయిందని సంతోషించే బంధువులు నాకున్నారు. వారితో వాదించడం మానేశాను. అద్దం శుభ్రం చేస్తుందంటూ అంటగట్టే సక్కర్ ఫిష్ విషయంలో మాత్రం ఊరుకోలేను. రెండంగుళాలున్నప్పుడు ముచ్చటగా ఉండే ఆ చేప అడుగున్నర వరకు పెరుగుతుంది. తొట్టి చాలక జనం దానిని చెరువులో వదిలేస్తారు. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది ఈ జాతినే. ముళ్లలాంటి రెక్కలతో వలలు చింపుతుంది, తినడానికీ ఇక్కడెవరూ ఇష్టపడరు. తూర్పు కనుమల నీటి వనరులలో అది ఎక్కడెక్కడికి పాకిందో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో దొరికే డీఎన్‌ఏ జాడలను బట్టి కనిపెట్టారు. నా దగ్గరున్న ఒక్కదానిని పెద్ద తొట్టి ఉన్న మిత్రుడికి ఇచ్చేశాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం పావు వంతు నీళ్లు తీసి బాల్కనీలోని కరివేపాకు మొక్కకు పోస్తాను. అందులోని నైట్రేట్ దానికి ఎరువు. స్పాంజిని కూడా ఆ తీసిన నీళ్లలోనే మెల్లగా పిండుతాను, నల్లా కింద కాదు. మొన్న పై అంతస్తు కుర్రవాడు కొత్త తొట్టి కొన్నానంటూ గప్పీలు అడగడానికి వచ్చాడు. తొట్టిలో చిన్నా పెద్దా కలిపి నలభై దాకా ఉన్నాయి, ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ముందుగా పాత స్పాంజిలో ఒక ముక్క కోసి, తొట్టి నీళ్లతో పాటు ప్లాస్టిక్ సంచిలో వేసి, దీన్ని ఈ పూటే నీ ఫిల్టర్ పక్కన పెట్టి రోజూ చిటికెడు మేత వెయ్యి, రెండు వారాల తర్వాత నీళ్లు పట్టుకురా, పరీక్ష చేద్దాం అని చెప్పాను. వాడు సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో చేపలేవి అంకుల్?"