ఆన్‌లైన్‌లో కలంకారీ నేర్పడం: ఫార్మాట్ తేలిన తీరు, నా భయం వదిలిన తీరు

నేను తిరుపతిలో ఉంటాను. కలం పట్టడం నేర్చుకున్నది మాత్రం శ్రీకాళహస్తిలో. చాలాకాలంగా ఇంట్లోనే కాలేజీ పిల్లలకూ, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకూ కలంకారీ నేర్పుతున్నాను. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళ చీరలు చూసి హైదరాబాద్ నుంచీ, బెంగళూరు నుంచీ ఫోన్లు వచ్చేవి. "ఆన్‌లైన్‌లో చెప్తారా మేడమ్?" అని అడిగేవాళ్ళు. త్వరలో మొదలుపెడతానని చెప్పేదాన్ని. లైవ్‌లోనా, వీడియోలుగానా, ఏ ఫార్మాట్‌లో చెప్పాలన్నదే ఎంతకీ తేలేది కాదు. వంట, కుట్టు, సంగీతం నేర్పే నా స్నేహితురాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం చూస్తున్నాను. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మా పని గురించి చెప్పాలి. ఫార్మాట్‌ను చివరికి తేల్చింది అదే.

కృష్ణా జిల్లా పెడన వైపు కలంకారీ చెక్క అచ్చులతో చేస్తారు. శ్రీకాళహస్తిది పూర్తిగా చేతిగీత. గాడా అనే ముతక నూలుగుడ్డను బాగా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి ఎండబెడతాం. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ వేసుకుంటాం. వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో ఎంత నొక్కితే అంత మొనకు దిగుతుంది. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం. దాన్ని కసిమి అంటాం. కసిమితో గీసిన గీత మొదట వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉంటుంది. కరక్కాయలోని వగరు, కసిమిలోని ఇనుము కలిసేకొద్దీ మన కళ్ళ ముందే నల్లబడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు అది చూసి "అయ్యో, రంగు సరిగ్గా పడలేదు మేడమ్" అని అదే గీత మీద మళ్ళీ గీస్తారు. అక్కడ ముద్దయిపోతుంది.

ఎరుపు ఇంకో రకం. పటిక నీళ్ళతో రాసి, కనీసం ఒక రోజు వదిలేసి, పారే నీళ్ళలో జాడించి, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడికిస్తాం. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఆ తర్వాత పసుపు, నీలిమందు. ఒక్కో పనికీ మధ్య ఎండ కావాలి, నీళ్ళు కావాలి, ఓపిగ్గా ఆగాలి.

ఇప్పుడు ఫార్మాట్ల సంగతి. లైవ్‌లో చెబుదామా అంటే, జూమ్ ఉచిత ఖాతాలో గ్రూపు మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది. డబ్బు కట్టి ఎంతసేపైనా పెట్టుకోవచ్చు, కానీ గుడ్డ ఆరేదాకా స్క్రీన్ ముందు ఎవరు కూర్చుంటారు? పైగా నాకు మంచి వెలుతురు ఉండే వేళ ఉద్యోగస్తులు ఆఫీసులో ఉంటారు. రికార్డు చేసిన వీడియోలు పెడితే ఎవరి తీరికను బట్టి వాళ్ళు చూసుకుంటారు. అయితే కలం నిటారుగా పట్టుకున్నారా, వాలుగా పట్టుకున్నారా అన్నది నాకు కనిపించదు. గీత ముద్దయ్యేది అక్కడే.

వీడియోలతో ఇంకో చిక్కుంది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి అందరికీ తెరిచిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్ళు మొత్తంలో కోర్సు పూర్తి చేసినవాళ్ళు 3 శాతం పైచిలుకు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్ళను మాత్రం విడిగా చూస్తే 46 శాతం. అది చదివాక ఉచితంగా పెడదామన్న ఆలోచన పూర్తిగా మానేశాను. అంతకుముందు ఉచితంగా ఇవ్వడమే మంచితనం అనుకునేదాన్ని.

ఆన్‌లైన్ కోర్సులు అమ్మే ఉడెమీ లాంటి చోట పెట్టొచ్చు కదా అని కూడా చాలామంది అన్నారు. మన కూపన్ ద్వారా వచ్చి కొన్నవాళ్ళ డబ్బులో 97 శాతం మనకిస్తారు. వాళ్ళ సైట్‌లో వెతుక్కుని వచ్చినవాళ్ళ మీద 37 శాతమే. డబ్బు కన్నా నాకు ముఖ్యం, నేర్చుకునేవాళ్ళ గుడ్డ నేను చూడగలగడం. అక్కడ అది కుదరదు, కాబట్టి వద్దనుకున్నాను.

ఇవన్నీ తెలిశాక ఏదో ఒకటి మొదలుపెట్టి ఉండాలి. నిజానికి ఏ ఫార్మాట్ మంచిదన్న ప్రశ్నే నన్ను దాచే తెరగా మారింది. లైవ్ అని అనుకున్న మర్నాడు రికార్డింగే నయం అనిపించేది. రికార్డింగ్‌కు కూర్చుంటే వీధిలో ఆటో వెళ్ళిందని ఆపేసేదాన్ని, నా గొంతు బాగా రాలేదని మళ్ళీ మొదటి నుంచి చెప్పేదాన్ని. మైకు కొన్నాక లైటు సరిపోలేదు. లైటు వచ్చాక వెనక గోడకు సున్నం వేయించాలనిపించింది. సిలబస్‌లో దశావతారాలు కూడా ఉండాలేమో అనుకుని పాఠాలు పెంచుకుంటూ పోయాను. ఎవరైనా "ఫీజు ఎంత మేడమ్, ఇప్పుడే ఫోన్‌పే చేస్తాను" అంటే చాలు, ఆ రోజే కోర్సులో ఏదో ఒక లోపం నాకు కనిపించేది.

ఇది కనిపెట్టింది మా ఆడబిడ్డ. ఒకరోజు కసిమి వడగడుతుంటే పక్కన కూర్చుని అంది. "వదినా, ఎవురూ అడగనప్పుడు నువ్వు బాగానే పని చేస్తావు. డబ్బు కడతామంటేనే నీకు టెన్షన్ మొదలవతాది. గమనించినావా?"

గమనించలేదు. ఆమె చెప్పాక వెనక్కి తిరిగి చూస్తే ప్రతిసారీ అదే వరస.

మనసు ఇట్లా ఎందుకు చేస్తుందో చదివితే, 1978లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం కంటపడింది. విద్యార్థుల్లో కొందరికి అసలు జవాబే లేని ప్రశ్నలిచ్చి, రాశాక "చాలా బాగా చేశావు" అన్నారు. మరో పరీక్షకు ముందు రెండు మందుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి బుర్రను చురుగ్గా చేస్తుందనీ, రెండోది మందగింపజేస్తుందనీ చెప్పారు. తమకు మెప్పు ఎందుకొచ్చిందో తెలియనివాళ్ళలో, ముఖ్యంగా మగపిల్లల్లో, మందగింపజేసే మందును ఎంచుకున్నవాళ్ళే ఎక్కువ. ఈసారి తప్పితే మందు మీదికి తోసెయ్యొచ్చు కదా. నా గోడ సున్నం, నా లైటు, నా గొంతు ఆ మందే. జనం నా పని మెచ్చుకుంటున్నారు, కానీ ఆ మెప్పు నా చేతిదా, నాకు నేర్పిన మాస్టారి గీతదా అన్నది నాకు తెలియదు. కోర్సు తెరిస్తే అది బయటపడిపోతుంది. నా అసలు భయం అది.

దానికింద ఇంకోటి కూడా ఉంది. శ్రీకాళహస్తి అంటే కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చిన ఊరు. తరాల తరబడి ఇదే బతుకుగా చేస్తున్న ఇళ్ళున్నాయి. వాళ్ళుండగా తిరుపతిలో కూర్చుని ఫోన్‌లో అమ్మడానికి నేనెవరిని అనిపించేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనకపోవడంతో అది మరీ పెరిగింది.

చివరికి బస్సెక్కి శ్రీకాళహస్తికి, మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కలానికి ఉన్ని చుడుతున్నారు. మొత్తం చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"ఎవురెవురు చేరతారు మా?"

"హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు మాస్టారూ. అమెరికా నుంచి కూడా ఒకరిద్దరు అడిగారు."

"అపార్ట్‌మెంట్లలో ఉంటారు గదా. పారే నీళ్ళు యాడ తెస్తారు వాళ్ళు?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను.

"ఎనుము పాలు దొరుకుతాయా వాళ్ళకి?"

"ప్యాకెట్ పాలే దొరుకుతాయి మాస్టారూ."

"అయితే ప్యాకెట్ పాలతో నువ్వే చేసి చూడు ముందు. చూసినాంక చెప్పు వాళ్ళకి."

నేర్పే అర్హత నాకుందా అన్నది ఆయన మనసులోకే రాలేదు. నేనే అడిగాను. "నేర్పించొచ్చా మాస్టారూ?" ఆయన దారం పళ్ళతో కొరికి, "నేర్చుకునిందే అందుకు గదా. కసిమి మాత్రం పచ్చిది వాడనీయొద్దు" అన్నారు. అంతే. తర్వాత కాఫీ ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు నా బుర్ర నిండా పాలూ నీళ్ళే. నేనెవరన్న ప్రశ్న వెనక్కి పోయింది. వాళ్ళ ఇళ్ళలో ఈ పని జరిగేదెట్లా అన్నది ముందుకొచ్చింది. నా భయం కాస్త వదిలింది అప్పుడే.

ఇంట్లో ఒకే గుడ్డను ముక్కలు చేసి టోన్డ్ పాలలో ఒకటి, ఫుల్ క్రీమ్ పాలలో ఒకటి, గేదె పాలలో ఒకటి నానబెట్టాను. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. రంగు పాకకుండా పట్టి ఉంచేది ఆ జిడ్డే. టోన్డ్ ముక్క మీద కసిమి గీత అంచులు వెంట్రుకల్లా పాకాయి. ఫుల్ క్రీమ్ ముక్క, గేదె పాల ముక్కకు చాలా దగ్గరగా వచ్చింది. నీళ్ళకు కూడా దారి దొరికింది. పారే నీళ్ళు ఎందుకంటే, మిగిలిన పటిక గుడ్డను వదిలి పోవాలి. నిలవ నీళ్ళలో పిసికితే అది తెల్లగా ఉండాల్సిన చోట మళ్ళీ అంటుకుంటుంది, ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. కాబట్టి గుడ్డను పైనుంచి వేలాడదీసి కుళాయి పైపుతో కిందికి నీళ్ళు పారించాలి. బాత్రూంలో షవర్ కింద కూడా ఇది చేయొచ్చు. ఇవన్నీ ఫోన్‌తోనే తీశాను, వెనక గోడ ఎట్లా ఉందో చూసుకోకుండా.

ఫార్మాట్ దానంతటదే తేలింది. కసిమికి రెండు మూడు వారాలు పడుతుంది, ద్రవాన్ని కొరియర్‌లో పంపడం ఇబ్బంది. కాబట్టి మొదటి పాఠం కసిమి పెట్టడం. అది పులిసేలోపు బొగ్గు గీతలు, కలం కట్టుకోవడం, కాగితం మీద నీళ్ళ రంగుతో చెయ్యి సాధన. చిన్న చిన్న వీడియోలు యూట్యూబ్‌లో లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా పెడతాను. నేర్చుకునేవాళ్ళు తమ గుడ్డ ఫోటో వాట్సాప్‌లో పంపి, నేను చూశాకే తర్వాతి వీడియో. ఆదివారం గూగుల్ మీట్‌లో ఒక గంట. అక్కడ పాఠం చెప్పను, ఫోన్‌ను చేతి మీదికి తిప్పి గీయమంటాను, కలం పట్టు సరిచేస్తాను. గుడ్డ, కరక్కాయ పొడి, పటిక, మంజిష్ఠ, వెదురు పుల్లలు కిట్‌గా పోస్టులో వెళ్తాయి. చీరలు, దశావతారాలు తీసేశాను. రుమాలంత గుడ్డ మీద ఒక నెమలి, నలుపూ ఎరుపూ పసుపూ. కిట్‌తో కలిపి 3,500 రూపాయలు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను, దానికి దారులు మూసేశాను. తేదీ, ఫీజు ముందే పాత క్లాసువాళ్ళ గ్రూపులో పెట్టేశాను. వీడియోలు ఎక్కించే పని మా ఆడబిడ్డ కూతురికి అప్పజెప్పాను. ఆ పిల్ల చేతికి వెళ్ళిన వీడియో వెనక్కి రాదు. మళ్ళీ తీయడానికి రెండే కారణాలు ఒప్పుకుంటుంది: చెప్పింది తప్పయితే, లేదా చెయ్యి కనిపించకపోతే. గొంతు బాగాలేదంటే "అత్తా, పో" అంటుంది. ఫీజు చెప్పాల్సి వస్తే ఒక్క మాటలో చెప్పి ఆగుతాను. "కావాలంటే తగ్గిస్తాను" అని నాకై నేను కలపడం మానేశాను. ఈ చివరిదే అన్నింటికన్నా కష్టమైంది.

మొదటి బ్యాచ్‌లో కొందరు కసిమి దగ్గరే ఆగిపోయారు. వాసనకు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదట. ఇప్పుడు చేరకముందే కుండ బాల్కనీలో పెట్టుకునే వీలుందా అని అడుగుతున్నాను. ఎరుపు దగ్గర ఎక్కువమందికి ఇబ్బంది వచ్చింది, ఆ వీడియోను మూడుగా విడగొట్టాను. హైదరాబాద్ నుంచి చేరిన ఒకామె గీత నల్లబడుతుంటే వీడియో తీసి పంపింది, వెనక ఆమె కొడుకు "అమ్మా, మారుతోంది, మారుతోంది" అని అరుస్తున్నాడు. దాన్ని ఆమె అనుమతితో మొదటి పాఠంలో చేర్చాను. అది చూశాక బూడిద గీత మీద మళ్ళీ గీసేవాళ్ళు బాగా తగ్గారు.

మాకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. ఇప్పుడు చేరేవాళ్ళలో తిరుపతి, నెల్లూరు, చెన్నై వాళ్ళే సగానికి పైగా. ఆ నెలల్లో గుడ్డలు ఆరవు కాబట్టి బ్యాచ్ పెట్టడం లేదు. తర్వాతిది సంక్రాంతి దాటాక. కసిమి కుండలు మాత్రం పండగకు ముందే పెట్టుకోమని చెప్తున్నాను.