అరువు బిళ్ళతో ఆరో నెల

ఎదుటివాళ్ల దగ్గర అరువు తీసుకున్న రూపాయల బిళ్ళను (నాణేన్ని) మాయం చేసే గారడీకి ఈ నెల సాధన: రోజూ రాత్రి భోజనం అయ్యాక అరగంట, ఆదివారాలు గంటన్నర. నలుగురి ముందు చేసింది పదకొండుసార్లు, దొరికిపోయింది మూడుసార్లు. పోయిన నెల ఏడింట్లో నాలుగుసార్లు దొరికాను కాబట్టి చెయ్యి కుదురుకుంటున్నట్టే.

మొదట పెట్టుకున్న నియమం మార్చలేదు. నా జేబులోంచి ఏదీ తీయను. బిళ్ళ ఎదుటివాళ్లది, రుమాలు ఎదుటివాళ్లది, కాగితం అక్కడ దొరికింది. మన బిళ్ళ అయితే ఎంత బాగా చేసినా "దాంట్లోనే ఏదో ఉంది" అనుకుంటారు. వాళ్ల సొంత బిళ్ళ మాయమైతే మాత్రం ఒక్క క్షణం నోట మాట రాదు. ఆ క్షణం కోసమే ఇదంతా.

అసలు బిళ్ళ దొరకడమే కష్టంగా ఉంది. ఫోన్‌తో డబ్బు కట్టడం అలవాటయ్యాక చిల్లర మోసేవాళ్లు తగ్గిపోయారు. దానికి తోడు పది రూపాయల బిళ్ళ చెల్లదనే అపోహ ఇంకా పోలేదు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఆ పద్నాలుగు డిజైన్ల వల్ల నాకు ఇంకో సంగతి తెలిసొచ్చింది. ఎదుటివాళ్లు ఏ బిళ్ళ ఇస్తారో ముందు తెలియదు కాబట్టి, అచ్చం అలాంటి రెండోది దాచుకుని మార్చేద్దామంటే కుదరదు. ఉన్న ఒక్క బిళ్ళనే దాచాలి. అంటే భారమంతా అరచేతి మీదే.

బొటనవేలి కింది కండకూ చిటికెనవేలి కింది కండకూ నడుమ బిళ్ళను పట్టి ఉంచాలి. నాలుగు నెలలు గట్టిగా నొక్కుతూ వచ్చాను, బొటనవేలు కర్రలా బయటికి పొడుచుకొచ్చేది. ఇప్పుడు బిళ్ళ అలాగే ఉంచుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటాను, టీ తాగుతాను, కీబోర్డు మీద టైపు చేస్తాను. చెయ్యి పనిలో పడితే బిగువు దానంతటదే తగ్గుతుంది. మంచం మీద కూర్చుని, కింద దుప్పటి పరుచుకుని సాధన చేస్తే జారినా చప్పుడు కాదు.

నా చేతికి బాగా నప్పింది ఇరవై రూపాయల బిళ్ళ. పది రూపాయలదీ ఇదీ 27 మిల్లీమీటర్లే, కానీ దీనికి పన్నెండు మూలలు. ఆ మూలలు కండను పట్టుకుంటాయి. బరువు 8.54 గ్రాములు. కొత్త రూపాయి బిళ్ళ 20 మిల్లీమీటర్లే, నాకు అరచేతిలో నిలవదు. దాన్ని మధ్య వేలు, ఉంగరం వేలు మొదట్లో మడిచి దాస్తున్నాను. చేతులు మరీ పొడిగా ఉంటే ఏ బిళ్ళయినా జారుతుంది. మొదలుపెట్టే ముందు చల్లటి గ్లాసు ఒకసారి పట్టుకుంటే ఆ తడి చాలు.

ఈ నెల ఎక్కువగా చేసింది కాగితం మడత. బిళ్ళ మీదుగా కింది అంచును పైకి మడవాలి, పైన అర అంగుళం వదలాలి. రెండు పక్కలూ వెనక్కి. ఆఖరున ఆ అర అంగుళం కూడా వెనక్కే. ముందుకు మడిస్తే మూత పడిపోతుంది, వెనక్కి మడిస్తే పైన నోరు తెరిచే ఉంటుంది. పొట్లాన్ని తలకిందులు చేస్తే బిళ్ళ చేతిలోకి జారుతుంది. అయితే అంతకు ముందే పొట్లాన్ని గ్లాసుకేసి తట్టాలి. "టక్కు"మన్న ఆ చప్పుడు విన్నాక బిళ్ళ లోపలే ఉందని ఎవరైనా నమ్ముతారు.

రోజూ వెళ్లే టీ కొట్టులో అడిగాను. "బాబాయ్, గల్లాలో పది రూపాయల బిళ్ళ ఉందా?" తీసిచ్చాడు. పక్కనున్న కుర్రాడి మార్కర్‌తో దాని మీద బాబాయ్ చేతే ఆయన ఇంటి పేరు మొదటి అక్షరం రాయించాను. బజ్జీలు చుట్టే కాగితం చేతికందితే దాంట్లోనే మడిచాను. నూనె కాగితం! ఇంకా తట్టనే లేదు, బిళ్ళ సర్రున జారి బల్ల మీద మోగింది. "పడిపోయిందబ్బాయ్," అని తీసి మళ్లీ నా చేతిలో పెట్టాడు. అందరూ మంచిగానే నవ్వారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి వారం బిల్లు పుస్తకంలోంచి పొడి కాగితం చించి ఇమ్మని అడిగాను. ఈసారి తట్టాను, జార్చాను, పొట్లం ముక్కలు ముక్కలు చేశాను. ఆయన గుర్తు ఉన్న బిళ్ళ ఆయన చక్కెర డబ్బా కింద నుంచి తీశాను. బాబాయ్ ఆ అక్షరాన్ని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. మాట్లాడలేదు.

ఖాళీ చేతిలో బిళ్ళ ఉన్నట్టు నటించడం ఇంకా రాలేదు. నిజంగా బిళ్ళను పదిసార్లు తీసుకుని, పదకొండోసారి తీసుకున్నట్టు నటిస్తూ ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. నిజంగా తీసుకున్నప్పుడు నా చూపు ఆ చేతి వెంటే పోతోంది, నటించినప్పుడు ముందే ఎదుటివాళ్ల ముఖం మీదికి వెళ్తోంది. చిన్నప్పుడు సంతలో గిన్నెల కింద బంతులు మాయం చేసే గారడీ ఆయన ఎప్పుడూ ఖాళీ గిన్నెనే తదేకంగా చూసేవాడు. ఆ చూపు ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

వచ్చే నెల: ఎడమ అరచేతిలో ఇరవై రూపాయల బిళ్ళ, అదే చేత్తో టీ గ్లాసు.