మన యాస వినగానే నోరు పెగల్లేదు

నేను ట్రాన్స్ మహిళను, మాది పశ్చిమ గోదావరి. స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చాను, తిరిగి వెళ్తే మావాళ్లు బతకనివ్వరని తెలిసి 2023లో అసైలం, అంటే ఇక్కడే శరణు ఇమ్మని అర్జీ, పెట్టుకున్నాను. ఇదే దారిలో ఉన్న తెలుగువాళ్లకి ఒక్క విషయం గట్టిగా చెప్పాలని రాస్తున్నా, ఇంటర్‌ప్రెటర్ గురించి.

మొదట క్రాయ్‌డన్‌లో స్క్రీనింగ్ ఇంటర్వ్యూ. వేలిముద్రలు, ఫొటో తీసుకుని ఎందుకు వచ్చారో క్లుప్తంగా అడుగుతారు. నాకు ఇంగ్లిష్ వచ్చు, కానీ ఇలాంటివి తెలుగులోనైతేనే చెప్పగలననిపించి తెలుగు అడిగాను. ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అవతల ఒక పెద్దాయన, అచ్చం మావైపు యాస. "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకు?" అన్నారు. ఆప్యాయంగానే అడిగారు, మనవాళ్లు ఎక్కడ కలిసినా అడిగేదే కదా. నాకు మాత్రం గుండె జారిపోయింది. విన్నది బయట చెప్పకూడదని వాళ్లకి రూల్ ఉంటుంది, అది నాకప్పుడు తట్టలేదు, ఈయన ఊళ్లో ఎవరికైనా ఒక్క ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా మా పెదనాన్నకి తెలిసిపోతుందన్న భయమే. "ఇంట్లో గొడవలండీ, వెళ్తే చంపేస్తారు" అని ఊరుకున్నాను. కాగితం మీద అదే ఎక్కింది.

తర్వాత ఒక షేరింగ్ ఇంట్లో వేశారు, అందరూ మగవాళ్లు, ఒకటే బాత్రూమ్. ఖర్చులకి అప్పట్లో వారానికి 49 పౌండ్ల 18 పెన్నీలు ఇచ్చేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్నానం చేసేదాన్ని.

శరణు కోరే గే, ట్రాన్స్ లాంటి వాళ్లకి సాయం చేసే రెయిన్‌బో మైగ్రేషన్ అనే సంస్థకి ఫోన్ చేశాకే తెలిసింది, అధికారి, ఇంటర్‌ప్రెటర్ ఇద్దరూ ఆడవాళ్లే కావాలని ముందే అడగొచ్చట. మా లాయరమ్మ ఉత్తరం రాసింది, స్క్రీనింగ్‌లో నేనెందుకు నోరు విప్పలేదో కూడా అందులో పెట్టింది. ఆ రెండో ముక్కే నన్ను కాపాడింది, ఎందుకంటే అసలు ఇంటర్వ్యూలో అధికారి అడిగిన మొదటి గట్టి ప్రశ్న అదే: అప్పుడెందుకు చెప్పలేదు?

ఆ రోజు వచ్చిన ఇంటర్‌ప్రెటర్ "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగింది. నా పేరు, నేను పెట్టుకున్న పేరు, చెప్పాను. అమ్మ మాటలు చెప్తున్నప్పుడు "వాడు మా పాలిట చచ్చాడు" అన్నదాన్ని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పి, ఈ 'వాడు' తల్లి అన్న మాట, ఈమె తన గురించి చెప్పుకున్నది కాదు అని అధికారికి విడిగా వివరించింది. నాకు ఏడుపు ఆగలేదు.

మీ దేశంలో 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చిందిగా, వేరే నగరంలో బతకొచ్చుగా అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. హైదరాబాద్‌లో, కేపీహెచ్‌బీ హాస్టల్లో ఉన్న మూడో వారానికే మా బాబాయి కారేసుకుని వచ్చిన సంగతి తేదీలతో సహా చెప్పాను. గుట్టుగా బతకొచ్చుగా అన్న మాటకి కూడా జవాబుంది, భయంతోనే దాచుకోవాల్సి వస్తే అలా అని తిప్పి పంపకూడదని ఇక్కడి సుప్రీం కోర్టు 2010లో ఇరాన్, కామెరూన్ వాళ్ల కేసులో తేల్చింది.

ఇంటర్వ్యూ రికార్డు కాపీ తప్పకుండా అడగండి, తప్పులుంటే వెంటనే లాయర్‌తో రాయించి పంపండి. నేను రెండు చోట్ల దిద్దించాను.

చివరికి ఐదేళ్ల పాటు ఇక్కడ ఉండేలా శరణార్థి స్టేటస్ వచ్చింది. రికార్డుల్లో ఇంకా పాత పేరే ఉంది. పేరు మార్చుకునేందుకు డీడ్ పోల్ అనే కాగితం ప్రింట్ తీశాను, సాక్షి సంతకం కావాలి, ఆదివారం మా లాయరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి పెడతానంది.