బలూచ్ సర్దారు, తొమ్మిది నెలల కుర్చీ

పాకిస్తాన్ రాజకీయాలంటే మనకు భుట్టోలు, షరీఫ్‌లు, ఇమ్రాన్‌ఖాన్, మధ్యలో మిలిటరీ. బలూచిస్తాన్ పేరు వినపడాలంటే అక్కడ ఏదో ఒక బాంబు పేలాలి. ఈ మధ్య ఆ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా చేసిన అతావుల్లా మెంగల్ గురించి చదువుతుంటే మాత్రం, నల్లగొండలో మా ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న ముచ్చట్లే మళ్లీ చెవిన పడ్డట్టయింది. లోకల్, నాన్ లోకల్, ముల్కీ (అంటే స్థానికుడు).

మెంగల్‌ది ఖుజ్దార్ జిల్లాలోని వాధ్. మెంగల్ తెగకు ఆయన సర్దారు. సర్దారంటే ఉత్త భూస్వామి కాదు, తగాదా వస్తే తీర్పు ఆయనది, పండిన పంటలో 'శశక్' పేరుతో ఆరో వంతు ఆయనది. దేశ్‌ముఖ్‌ల కథలు, గడీల కథలు వింటూ పెరిగిన మనకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన లీడర్‌ను మెచ్చుకోవడానికి నాకు చెయ్యి అంత తొందరగా రాదు.

ఆయన లెక్క కొంచెం వేరు. 1962లోనే ఎన్నికల్లో గెలిచి, అప్పటి మిలిటరీ పాలకుడు అయూబ్‌ఖాన్‌ను ఎదిరించి జైలుకు పోయాడు. 1970 దాకా అసలు బలూచిస్తాన్ అనే రాష్ట్రమే లేదు, 'వన్ యూనిట్' పేరుతో అన్నీ కలిపేసి లాహోర్ నుంచి నడిపించారు. అది రద్దయ్యాక ఎన్నికలు జరిగి, 1972 మేలో నేషనల్ అవామీ పార్టీ తరఫున ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన హయాంలోనే సర్దారీ వ్యవస్థను రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఒక సర్దారు సర్కారు ఆ పని చేసింది! కాగితం మీద తీర్మానం ఎవరైనా చేస్తారు అనేవాళ్లు ఉంటారు, అందులోనూ కొంత నిజముంది, ఎందుకంటే అక్కడ సర్దార్ల మాట ఇవాళ్టికీ చెల్లుతూనే ఉంది. 1976లో ప్రధాని భుట్టో ఇదే పనికి చట్టం తెచ్చి పేరంతా తను కొట్టేశాడు, అప్పటికి మెంగల్‌ను జైల్లో పెట్టి మూడేళ్లు కావస్తోంది.

అసలు గొడవ ఉద్యోగాల దగ్గర ముదిరింది. పోలీసులు, ఆఫీసర్లు చాలామంది పంజాబ్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లు వెనక్కి వెళ్లడం, స్థానికులను తీసుకోవడం మొదలయ్యేసరికి ఇస్లామాబాద్‌కు అది వేర్పాటువాదంలా కనిపించింది.

అదే కాలంలో ఇక్కడేం జరుగుతోందో చూడండి. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాడే ముల్కీ, సర్కారు ఉద్యోగం వాడికే అనే నిబంధన చెల్లుతుందని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో అటు ఆంధ్రలో వేరే రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం లేచింది, 1973 జనవరిలో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆయనా భూములున్న ఇంటివాడే, ఆయనా భూసంస్కరణలని పట్టుబట్టినవాడే. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరిలో అక్కడ మెంగల్ సర్కారు పోయింది. మా నాయన 1969 తెలంగాణ ఉద్యమం నాటికి కాలేజీ పిల్లగాడు, దొంగ ముల్కీ సర్టిఫికెట్ల గురించి ఇప్పటికీ కోపంగానే చెప్తాడు. ఈ సంగతి చెప్తే, "మనోళ్లను పాకిస్తానోళ్లతోటి పోలుస్తవేందిరా" అని కసిరి, వెంటనే "మరి ఆయనకు ఏమైంది?" అని అడిగాడు.

ఏమైందంటే... 1973 ఫిబ్రవరి 10న ఇస్లామాబాద్‌లోని ఇరాక్ రాయబార కార్యాలయంలో ఆయుధాలు దొరికాయన్నారు. అవి బలూచ్ తిరుగుబాటు కోసమే అన్నారు. రోజుల్లోనే సర్కారును తీసేశారు. గవర్నర్‌గా ఉన్న గౌస్ బక్ష్ బిజెంజోను దింపి ఇంకో సర్దారు అక్బర్ బుగ్టీని కూర్చోబెట్టారు. (ఢిల్లీవైపు దూకే లీడర్లను చూసిన మనకు ఇందులో వింతేమీ లేదు గానీ, 2006లో అదే బుగ్టీని పాక్ సైన్యం కొండల్లో మట్టుపెట్టింది. ఆయన కథ రాయాలంటే వేరే పోస్టు కావాలి.) ఆగస్టులో మెంగల్‌ను, బిజెంజోను అరెస్టు చేసి హైదరాబాద్ కుట్ర కేసు పెట్టారు. మన హైదరాబాద్ కాదు, సింధ్‌లోది. భుట్టోను దింపి జనరల్ జియా ఉల్ హక్ వచ్చాక గానీ ఆ కేసు పోలేదు.

ఈలోపు 1976లో ఆయన కొడుకు అసద్‌ను కరాచీలో ఎత్తుకుపోయారు. శవం కూడా దొరకలేదు. మెంగల్ బయటికొచ్చాక లండన్ వెళ్లిపోయి చాలా ఏళ్లు అక్కడే ఉన్నాడు. 1969లో ఇక్కడా పిల్లలు కాల్పుల్లో పోయారు, ఆ లెక్క చిన్నదని అనను. అయినా ఉద్యోగాల గొడవకు మన దగ్గర 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది, తర్వాత నాన్ లోకల్ ఉద్యోగులను వెనక్కి పంపాలనే 610 జీవో వచ్చింది, అవి అమలు కావట్లేదని మనం కోర్టులకు, రోడ్లకు ఎక్కగలిగాం. అక్కడ అదే గొడవకు సైన్యం వచ్చింది, 1977 దాకా కొండల్లో యుద్ధమే నడిచింది.

మెంగల్ ఇంకో కొడుకు అఖ్తర్ మెంగల్ 1997లో ముఖ్యమంత్రి అయ్యాడు. 1998 మేలో అదే రాష్ట్రంలోని చాగై కొండల్లో అణుపరీక్షలు జరిగాయి, ఆ ఎండాకాలం దాటేసరికి ఆయన కుర్చీ కూడా పోయింది. 2018లో ఇమ్రాన్‌ఖాన్‌కు మద్దతిస్తూ ఈయనా ఆరు అంశాలే పెట్టాడు. అందులో మాయమైనవాళ్ల ఆచూకీ ఒకటి, కేంద్ర ఉద్యోగాల్లో బలూచిస్తాన్ వాటా ఆరు శాతం ఇవ్వడం ఇంకొకటి. 1972లో తండ్రి అడిగింది, 1976లో అన్న పోయింది, రెండూ ఆ ఒక్క కాగితంలో ఉన్నాయి. ఏదీ కాలేదని 2020లో మద్దతు తీసేశాడు. తండ్రి 2021 సెప్టెంబరులో పోయాడు, 2024 సెప్టెంబరులో కొడుకు పార్లమెంటుకు రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాడు.